ఉమామహేశ్వరం కుదురుగా కూర్చున్న ఆదివారం

మెట్టకూరులో ఉమామహేశ్వరం కూర్చుని ఉండగా చూసినవాళ్ళు తక్కువ. భోజనానికి పీట మీద కూర్చున్నా ఒక మోకాలు పైకే ఉండేది, ఎవరు పిలిచినా లేచిపోవడానికి సిద్ధమన్నట్టు. ఒకసారి మంగలి షాపులో సగం గడ్డం గీయించుకుని, చెరువు దగ్గర మోటారు చప్పుడు మారినట్టుందంటూ సబ్బు నురగతోనే లేచి వెళ్ళిపోయాడు. చెరువు అక్కడికి అరమైలు. బస్సులో సీటు దొరికినా నిలబడే వెళ్ళేవాడు. తప్పనిసరై ఎక్కడైనా కుర్చీలో కూర్చుంటే కుడికాలు ఊగడం మొదలయ్యేది. ఆ ఊపుకి పక్కన బల్ల మీది గ్లాసులో నీళ్ళు కదిలేవి. భార్య పద్మావతి ఆ కాలు మీద చెయ్యి వేసి ఆపేది. చెయ్యి తీయగానే అది మళ్ళీ ఊగేది.

మొదటినుంచీ ఇలాంటి మనిషి కాదు. తొంభై రెండులో పల్లంకుర్రు నుంచి భార్యనీ కూతుర్నీ తీసుకుని యానాం వచ్చి, మెట్టకూరు పక్కన రెండు రొయ్యల చెరువులు కౌలుకి తీసుకున్నప్పుడు అందరిలాగే తిని, అందరిలాగే పడుకునేవాడు. మూడో ఏడాది ముసురు పట్టింది. ఎండ లేని రోజుల్లో చెరువు నీళ్ళలో గాలి తగ్గిపోతుంది, చక్రాలు తిప్పి నీళ్ళు చిలుకుతూ ఉంటేనే రొయ్య బతుకుతుంది. ముసురు మూడో రోజు మధ్యాహ్నం ఇంటికొచ్చి, వేడి వేడి పులుసుతో అన్నం తిని, ఒక్క నిమిషం అనుకుంటూ నడుం వాల్చాడు. గంట నిద్రపోయాడు. ఆ గంటలో కరెంటు పోయింది. కాపలా మనిషి ఎంత తిప్పినా జనరేటరు అందుకోలేదు. ఉమామహేశ్వరం వెళ్ళేసరికి రెండు చెరువుల గట్ల చుట్టూ రొయ్య పైకి తేలి, మూతులు బయటపెట్టి గాలి కోసం కొట్టుకుంటోంది. చేతులు నీళ్ళలో పెట్టి చిలికాడు. రెండు చేతులతో రెండు చెరువులు ఎంతసేపని చిలుకుతాడు?

ఆ నష్టం నాలుగైదేళ్ళలో పూడింది. ఆ గంట మాత్రం పూడలేదు. కూర్చుంటే ఎక్కడో ఏదో ఆగిపోతుందన్న భయం అతని కాలిలో ఉండిపోయింది.

అలాంటి మనిషి రెండు వేల ఆరు జనవరిలో కూతురికి సంబంధాలు చూడటం మొదలుపెట్టాడు. తేజస్విని యానాంలో ఒక ప్రైవేటు స్కూల్లో చిన్నపిల్లలకి పాఠాలు చెబుతోంది. నెమ్మదైన పిల్ల. ఒక మాట అనడానికి ముందు నాలుగు మాటలు లోపలే అనుకుని చూసుకుంటుంది. తండ్రి ఇంట్లోకీ బయటికీ పదిసార్లు తిరిగే లోపల ఆమె ఒక నోటు పుస్తకం దిద్దేది.

వచ్చిన సంబంధం యానాం ఊళ్ళోదే. అబ్బాయి పేరు వీరబాబు. పశువైద్యంలో డిప్లొమా చేశాడు, తండ్రి లేడు, తల్లి కనకదుర్గ. ఉద్యోగం మాత్రం ఎవరూ వినని రకం. అగ్రహారం దాటాక పాడుపడిన ఐసు ఫ్యాక్టరీ షెడ్డు ఒకటుంది. రెండేళ్ళ కిందట ఎవరో ట్రస్టు వాళ్ళు దాన్ని తీసుకుని, వలల్లో చిక్కి దెబ్బలు తగిలిన సముద్రపు తాబేళ్ళకి ఆసుపత్రి పెట్టారు. అందులో పని. ఉమామహేశ్వరం అక్క వెంకటలక్ష్మి ఆ మాట విని చాలాసేపు నవ్వింది. ఆమె పక్క వీధిలోనే ఉంటుంది, తమ్ముడింట్లో ఏ నిర్ణయమైనా ఆమెకి తెలియకుండా జరగదు.

మొదటి ఆదివారం పెళ్ళిచూపులకి వస్తామని కనకదుర్గ కబురు పెట్టింది. పద్మావతి పొద్దున్నే లేచి స్వీటూ హాటూ చేసింది. పదిన్నర దాటింది, పదకొండున్నర దాటింది. ఉమామహేశ్వరం వీధి చివరిదాకా ఎన్నిసార్లు వెళ్ళొచ్చాడో లెక్కలేదు. పన్నెండింటికి ఫోను వచ్చింది. ఏదో తాబేలుకి ప్రాణం మీదికొచ్చిందట, అబ్బాయి రాలేడట. రెండో ఆదివారం కనకదుర్గ ఒక్కతే ఆటో దిగింది, చేతిలో అరటిపళ్ళతో, ముఖం చిన్నబుచ్చుకుని. కొడుకుని తీసుకురావడం తన వల్ల కాలేదనీ, నెల రోజులుగా వాడు ఇంట్లో సరిగ్గా పడుకున్నది కూడా లేదనీ చెప్పి, పద్మావతి ఇచ్చిన కాఫీ తాగకుండా చేతిలోనే పట్టుకుని కూర్చుంది.

ఆమె వెళ్ళాక వెంకటలక్ష్మి ఈ సంబంధం వదిలేయమంది. తేజస్విని నోటు పుస్తకాలు ముందేసుకుని కూర్చుంది. మూడో ఆదివారం కూడా ఇంట్లో ఉండి ఎదురుచూడటం మాత్రం ఉమామహేశ్వరం వల్ల అయ్యేది కాదు. వారమంతా చెరువు గట్టు మీద తిరుగుతూ అదే ఆలోచన. శనివారం సాయంత్రం వచ్చి, మనమే వెళ్ళి చూద్దాం అన్నాడు.

“ఆడపిల్లని వెంటేసుకుని మనం ఎళ్తామా?” అంది వెంకటలక్ష్మి. “ఎవరైనా వింటే నవ్విపోతారు.”

ఆదివారం పది నుంచి పన్నెండు దాకా ఎవరైనా వెళ్ళి తాబేళ్ళని చూడొచ్చట, బోర్డు పెట్టారట. పిల్లల్ని తీసుకుని యానాం అంతా వెళ్తోంది, మనమూ అలాగే వెళ్దాం, అన్నాడు ఉమామహేశ్వరం. అక్క ఇంకేదో అంటూ ఉండగానే ఆటోకి చెప్పడానికి వెళ్ళిపోయాడు.

మర్నాడు నలుగురూ ఒక ఆటోలో వెళ్ళారు. అగ్రహారం దాటి షెడ్డు కనిపించగానే, ఆటో పూర్తిగా ఆగకముందే ఉమామహేశ్వరం దిగిపోయాడు. ఆడవాళ్ళు చీరలు సర్దుకుంటూ, చెప్పులు చూసుకుంటూ దిగే లోపల గేటు దాటి లోపలికి వెళ్ళిపోయాడు.

లోపల ఉప్పు వాసన, చేపల వాసన, వాటి మీద ఫినాయిలు వాసన. వరసగా గుండ్రటి సిమెంటు తొట్లు. ఒక తొట్టి దగ్గర ఎవరో పిల్లల్ని ఎత్తి చూపిస్తున్నారు. అందులో ముందు రెక్క ఒకటి సగానికి తెగిన తాబేలు చుట్టూ తిరుగుతోంది. గోడకి ముక్కు తగిలించుకుంటుంది, పక్కకి మళ్ళుతుంది, మళ్ళీ గోడ. ఉమామహేశ్వరం అక్కడ కొంచెం ఎక్కువసేపే నిలబడ్డాడు. దీన్ని సముద్రంలో వదిలేదాకా ఇలా తిరుగుతూనే ఉంటుందా అని అడగాలనిపించింది. చెప్పడానికి ఎవరూ లేరు. ఇక నిలబడలేక షెడ్డు చివరికి నడిచాడు.

చివరి గదిలో లోతు తక్కువ తొట్టి ఉంది. మోకాటి లోతు నీళ్ళు. ఆ నీళ్ళలో ప్లాస్టిక్ స్టూలు వేసుకుని ఒక కుర్రాడు వంగి కూర్చుని ఉన్నాడు. చొక్కా తడిసి ఒంటికి అంటుకుపోయింది, గడ్డం పెరిగింది. అతని ముందు నీళ్ళలో పెద్ద తాబేలు, చాటంత డిప్ప. రెండు అరచేతులూ దాని గడ్డం కింద పెట్టి, ముక్కు నీళ్ళపైన ఉండేలా పట్టుకున్నాడు.

“బాబాయిగారూ, కాస్త పక్కకి జరగండి,” అన్నాడు తల తిప్పకుండానే. “నీడ పడితే ఇది బెదురుద్దండి.”

ఉమామహేశ్వరం జరిగాడు. ఎందుకలా పట్టుకున్నావని అడిగాడు. కుర్రాడు గొంతు పెంచకుండా చెప్పాడు. శుక్రవారం భైరవపాలెం అవతల బోటు వలలో చిక్కిందట. వల లాగేసరికే సగం మునిగిపోయి, ఊపిరితిత్తుల్లోకి నీళ్ళు చేరాయట. తడి లేకుండా బయట ఉంచితే తోలు పగులుతుంది, నీళ్ళలో వదిలేస్తే తల తనంతట తాను ఎత్తలేదు. తనతో పనిచేసే మనిషికి పచ్చకామెర్లు, డాక్టరు లూయిస్ గారు మందు కోసం కాకినాడ వెళ్ళారు. పొద్దున ఆరింటి నుంచీ తనే పట్టుకున్నాడు.

“ఎప్పుడు ఊపిరి తీసుద్దో చెప్పలేవండి. ఆ టయానికి ముక్కు నీళ్ళలో ఉంటే అంతేనండి.”

“ఎన్ని నిమిషాలకోసారి తీస్తోంది?”

“అయిదు, ఆరు. ఒక్కోసారి ఎనిమిది కూడాను.”

ఉమామహేశ్వరం చేతి గడియారం చూసుకున్నాడు. నాలుగు నిమిషాలయింది. అయిదయింది. ఏ చెరువు గట్టు మీదా అంతలా ఊపిరి బిగబట్టి నిలబడింది లేదు. ఆరో నిమిషంలో తాబేలు ముక్కు దగ్గర చిన్న కదలిక, ఫుస్సుమని చప్పుడు, తుంపర. కుర్రాడు గోడ మీదున్న పలక వైపు చూసి, చేతులు ఖాళీ లేక, “కాస్త పదీ ఇరవై రెండు అని రాయండి బాబాయిగారూ,” అన్నాడు. ఉమామహేశ్వరం సుద్దముక్క తీసుకుని రాశాడు.

అప్పుడే ఆడవాళ్ళు ముగ్గురూ వచ్చారు. వెంకటలక్ష్మి చెంగు ముక్కుకి అడ్డం పెట్టుకుని, ఇక్కడ వీరబాబు అనే అబ్బాయి ఎవరని అడిగింది.

“నేనేనండి,” అన్నాడు కుర్రాడు. తల ఎత్తి చూశాడు. తేజస్విని ఫొటో అతను చూసే ఉంటాడు. ఆమె మీద చూపు పడగానే ముఖంలో రంగు మారింది. లేవబోయాడు. తాబేలు తల కిందికి జారింది. వెంటనే మళ్ళీ కూర్చుండిపోయాడు.

“ఏవనుకోకండి, లేవలేనండి,” అన్నాడు.

వెంకటలక్ష్మి ముఖం బిగుసుకుపోయింది. పెద్దవాళ్ళు ఇంటికొస్తే లేచి నిలబడని పిల్లాణ్ణి ఆమె అంతవరకూ చూడలేదు. ఇది ఇల్లు కాదు నిజమే, అయినా ఆమెకి ఆ తేడా పట్టలేదు. పద్మావతి ఏం చెయ్యాలో తోచక గోడవైపు చూస్తూ నిలబడింది. తేజస్విని తాబేలుని చూస్తోంది. ఇంకెప్పుడైనా అయితే ఉమామహేశ్వరం ఈపాటికి బయటికి వెళ్ళిపోయి ఉండేవాడు.

అతను చెప్పులు విడిచాడు. గడియారం తీసి పలక పక్కన పెట్టాడు. పంచె పైకి మడిచి కట్టుకున్నాడు.

“నేను పట్టుకుంటాను. నువ్వెళ్ళి వాళ్ళతో మాట్లాడు.”

“ఒరేయ్, నువ్వా?” అంది వెంకటలక్ష్మి. “అన్నం తిన్నంతసేపు కూర్చోలేని మనిషివి.”

వీరబాబు కూడా సందేహించాడు. ఉమామహేశ్వరం అప్పటికే తొట్టిలో దిగాడు. నీళ్ళు చల్లగా ఉన్నాయి. అడుగున నాచు పాదాలకి జారుతోంది. వీరబాబు ఒక చెయ్యి తీసి, అతని చేతిని తాబేలు గడ్డం కింద పెట్టించి, తరవాత రెండో చెయ్యి తీశాడు. గట్టిగా పట్టుకోవద్దన్నాడు, ఎత్తవద్దన్నాడు, అది ఎలా వాలితే చెయ్యి అలా వెళ్ళాలన్నాడు. ఉమామహేశ్వరం స్టూలు మీద కూర్చున్నాడు. తాబేలు గడ్డం గరుకుగా, అనుకున్నదానికంటే బరువుగా ఉంది. కంటి కొస నుంచి జిగురుగా నీరు కారుతోంది.

ఒక నిమిషం గడిచింది. అతనికి తెలియకుండానే కుడికాలు మొదలయింది. నీళ్ళలో చిన్న చిన్న అలలు లేచి, గోడకి తగిలి తిరిగొచ్చి, తాబేలు ముక్కు అంచుని తాకాయి.

“కాలు ఊపకండి బాబాయిగారూ,” అన్నాడు వీరబాబు. “నీళ్ళు ముక్కులోకి ఎళ్తాయండి.”

బాబాయి అన్న మాట వెంకటలక్ష్మి చెవిన పడింది. ఉమామహేశ్వరానికి ఆ మాట ఎక్కలేదు. అతనికి వినపడింది కాలు ఊపకండి అన్న ముందు మాట ఒక్కటే. ఇన్నేళ్ళుగా ఇంట్లో వింటూ పట్టించుకోనిది. ఎడమ పాదం తెచ్చి కుడి పాదం మీద పెట్టి నొక్కాడు. అలలు తగ్గాయి.

వాళ్ళు బయట వేపచెట్టు కింద కుర్చీలు వేసుకున్నారు. గోడ అవతల మాటలు వినపడుతున్నాయి గాని అర్థం కావడం లేదు. అక్క గొంతు, భార్య గొంతు, మధ్యలో ఆ అబ్బాయి పొడి పొడి మాటలు. కాసేపటికి అక్కా పద్మావతీ తొట్లు చూడటానికి లేచినట్టున్నారు, రెండు గొంతులే మిగిలాయి. ఒకటి కూతురిది. ఏం మాట్లాడుకుంటున్నారో వెళ్ళి వినాలనిపించింది. లేవకూడదు. చెరువు గుర్తుకొచ్చింది. మబ్బేమైనా పట్టిందా? కిటికీలోంచి ఆకాశం కనపడటం లేదు. కాపలా మనిషి మేత సరిగ్గా వేశాడా? మెడ పట్టేసింది. ముక్కు మీద ఈగ వాలింది, తోలడానికి చెయ్యి లేదు. లోపలంతా లేచి పరిగెత్తుతున్నట్టే ఉంది, ఒళ్ళు మాత్రం స్టూలు మీద ఉంది. ఇలాంటప్పుడు వెళ్ళిపోవడం తప్ప అతనికి ఇంకేదీ తెలియదు. చేతుల్లో ఆ తల ఉంది.

ఫుస్సుమంది. గడియారం వైపు మెడ సాచి చూశాడు. ఏడు నిమిషాలు.

మళ్ళీ ఎదురుచూపు. ఈసారి నిమిషాలు లెక్కపెట్టడం మానేసి దాని మెడ కింద తోలు చూడసాగాడు. ఊపిరి తీయడానికి ముందు అక్కడ చిన్నగా బిగుస్తోంది. రెండుసార్లు చూశాక ముందే తెలిసిపోయింది, చెయ్యి వెంట్రుకవాసి పైకి లేపాడు. దానికి అంత చాలు. ఆ ముసురు మధ్యాహ్నం చెరువు గట్టు మీద తన చేతులకి ఏదీ అందలేదు. ఇక్కడ పట్టుకోవడానికి ఒకటే ఉంది, అది చేతుల్లోనే ఉంది.

లూయిస్ డాక్టరు పన్నెండున్నరకి వచ్చారు. దారిలో బస్సు చెడిపోయిందట. ఆయనతోపాటు వీరబాబు పరుగున వచ్చి, చాలాసేపు ఉంచేశానని నొచ్చుకుంటూ చేతులు చాచాడు. ఉమామహేశ్వరం వెంటనే ఇవ్వలేదు.

“ఉండు. ఇంకోసారి తియ్యనీ.”

అది తీశాకే లేచాడు. కాళ్ళు తిమ్మిరెక్కి నిలబడలేకపోతే డాక్టరు భుజం పట్టుకున్నారు.

తిరుగు ప్రయాణంలో వెంకటలక్ష్మి మాటలు ఆటో చప్పుడుని మించిపోయాయి. లేచి నిలబడలేదు. గడ్డం గీసుకోలేదు. “పైగా నిన్ను బాబాయి అన్నాడురా. బాబాయి కూతురు ఏవవుద్ది? నోటంట వచ్చిన మాట ఊరికే పోద్దా?” అంది. పద్మావతి, పాపం తెలియక అన్నాడు వదినా, అంది. ఉమామహేశ్వరం అరచేతులు చూసుకుంటున్నాడు. వేళ్ళ చివర్లు ముడతలు పడి తెల్లగా ఉన్నాయి. నీకేమనిపించిందమ్మా అని కూతుర్ని అడిగాడు. చెబుతాను నాన్నా అంది తేజస్విని. అంతే. సోమవారం చెప్పలేదు, మంగళవారం చెప్పలేదు. ఏదో కోపంగా ఉన్నట్టుంది గాని, ఎవరి మీదో తెలియదు.

ఆ రెండు రోజులూ ఉమామహేశ్వరం ఇంట్లో అసలు నిలవలేదు. పొద్దునా సాయంత్రం సైకిలు మీద అగ్రహారం వెళ్ళొచ్చేవాడు. వీరబాబుతో పెళ్ళి మాట ఎత్తలేదు. తొట్టిలో దిగి ఒక గంట పట్టుకుని, అతన్ని అన్నం తినిరమ్మని పంపేవాడు. మంగళవారం తాబేలు రెండుసార్లు తనంతట తాను తల ఎత్తింది. ఆ సంగతి ఇంటికొచ్చి చెప్పినప్పుడు పద్మావతి విస్మయంగా భర్త ముఖంలోకి చూసింది.

బుధవారం చెరువులో వల వేయాల్సి వచ్చి వెళ్ళలేకపోయాడు. సాయంత్రం నాలుగింటికి ఇంటి ముందు సైకిలు ఆగింది. వీరబాబు. మోకాళ్ళ దాకా తడి, అదే చొక్కా. ఏమని పిలవాలో తెలియక, “ఏవండీ,” అని గుమ్మం బయటే ఆగిపోయాడు. ఉమామహేశ్వరం అతని ముఖం చూసి గుమ్మం దాటి వచ్చాడు.

“పోయిందండి. మధ్యాహ్నం. చేతుల్లోనే ఉంది, ముక్కు పైనే ఉందండి. తియ్యడం మానేసింది.”

ఫోను చెయ్యొచ్చుగా, ఇంత దూరం ఎందుకొచ్చావు అంది పద్మావతి. ఫోనులో చెప్పాలనిపించలేదన్నాడు. అరుగు మీద కూర్చోబెట్టారు. అప్పుడే స్కూలు నుంచి వచ్చిన తేజస్విని మంచినీళ్ళు తెచ్చిచ్చింది. అతను గ్లాసు ఖాళీ చేసి, ఇంకో గ్లాసు అడిగి తాగి, పొద్దున మరొకటి వచ్చిందని చెప్పి వెళ్ళిపోయాడు.

ఉమామహేశ్వరం అరుగు మీదే ఉండిపోయాడు. తను వెళ్ళి ఉంటే, అనుకున్నాడు. మళ్ళీ కాసేపటికి, ముక్కు పైనే ఉందన్నాడుగా, అనుకున్నాడు. ఈ రెండింటి మధ్యా చీకటి పడేదాకా తిరిగాడు, కూర్చున్న చోటనే. తేజస్విని వచ్చి పక్కన కూర్చుంది.

“ఆదివారం ఆయన్ని ఒకటే అడిగాను నాన్నా. రెండుసార్లు పెళ్ళిచూపులకి రాలేదు, రేపు ముహూర్తం టైముకి తాబేలు వస్తే ఏం చేస్తారని.”

“ఏవన్నాడు?”

“చాలాసేపు ఆలోచించాడు. రాలేనేమోనండి అన్నాడు.”

అందుకే రెండు రోజులు ఒళ్ళు మండిపోయిందట ఆమెకి. ఎవరైనా ఆ మాట అంటారా, అబద్ధానికైనా వస్తాననరా అని. పిల్లలకి లెక్కలు చెబుతూ కూడా అదే. బుధవారం పొద్దున బోర్డు మీద రాస్తూ రాస్తూ తట్టిందట, తన నోటితో వస్తానని చెప్పి రాకుండా పోయేవాడైతే కాదు కదా అని.

“అత్త ఒప్పుకోదు,” అన్నాడు ఉమామహేశ్వరం.

“అత్తకి నువ్వు చెప్పు. ముహూర్తం మాత్రం తాబేళ్ళు వచ్చే రోజులు అయిపోయాక పెట్టించు.”

వెంకటలక్ష్మి వారం రోజులు మాట్లాడలేదు. తరవాత కనకదుర్గ స్వయంగా వచ్చి, తమ రెండు ఇంటిపేర్లూ, గోత్రాలూ, వరసలూ మూడు తరాల దాకా తవ్వి, ఎక్కడా బాబాయి వరస లేదని నిరూపించి వెళ్ళింది. పురోహితుడు ఫాల్గుణంలో దివ్యమైన లగ్నం ఉందన్నాడు. ఉమామహేశ్వరం వద్దన్నాడు. ఇంత మంచిది మళ్ళీ దొరకదన్నాడు పురోహితుడు. అబ్బాయికి అప్పుడు పని ఎక్కువండి, వైశాఖంలో చూడండి, అని గుమ్మంలో నిలబడే చెప్పాడు ఉమామహేశ్వరం. చూసి చూసి ఆయన ఒక మామూలు లగ్నం తీసిచ్చాడు, పగటిపూట, మంచి ఎండవేళ. ఆ రోజు పెళ్ళికొడుకు గడ్డం గీసుకుని, అందరికంటే ముందే వచ్చి కూర్చున్నాడు.